నున్నగా ఉండాలట

"చేతులెత్తమ్మా."

ఈ మాట రోజుకు ఎన్నిసార్లు అంటుందో ఆమెకే తెలియదు. ఈత కొలనులోకి ఆడవాళ్ళు వెళ్ళే తలుపు దగ్గర స్టూలు వేసుకుని, ఒళ్ళో తాళాల బుట్ట పెట్టుకుని కూర్చోవడం ఆమె ఉద్యోగం. ఒక్కో తాళానికీ ఒక రబ్బరు కడియం ఉంటుంది. అది చేతికి తగిలించుకుని, బట్టలు లాకర్లో పెట్టి తాళం వేసుకుని నీళ్ళలోకి దిగాలి. అందుకే ఆమెను అందరూ తాళాలమ్మ అంటారు. తాళం చేతికిచ్చే ముందు చంకలు, వీపు, తొడలు చూడాలి. పొక్కులుగానీ కురుపులుగానీ కనిపిస్తే తాళం ఇవ్వకూడదని మేనేజరు ఆజ్ఞ.

ఆ ఆజ్ఞ ఇంకొకరికైతే తలకొట్టేసినట్టు ఉండేదేమో. తాళాలమ్మకు మాత్రం ప్రాణానికి హాయిగా ఉండేది. అసలే ఆమెది పిరికి గుండె. ఇంట్లో ఎవరైనా వరసగా రెండుసార్లు తుమ్మితే, మూడో తుమ్ముకి ఆమె కళ్ళకు ఆసుపత్రి మంచం కనిపిస్తుంది. అంతమంది ఒకే నీళ్ళలో మునగడమంటే ఒకే గిన్నెలో చేతులు పెట్టి తిన్నట్టేనని ఆమె భయం. పైగా ఆ నీళ్ళలో రోజూ తన కూతురు ఈదుతుంది.

ఆ బుధవారం పొద్దున్నే ఒక పంతులమ్మ వచ్చింది. బడికి వెళ్ళేలోపు కాసేపు ఈదిపోయే మనిషి. చేతులెత్తింది. రెండు చంకల్లోనూ ఆవాలు చల్లినట్టు ఎర్రటి పొక్కులు.

"ఏమిటమ్మా ఇవి?"

"ఏం లేదు. నిన్న హడావుడిగా రేజరుతో గీసుకున్నాను. మంట పుట్టి ఇలా పొంగాయి."

"అందరూ అలాగే అంటారు. తగ్గాక రండి."

"తాళాలమ్మా, నువ్వు ఆడదానివి కాదూ? రేజరు పొక్కుకీ అంటురోగానికీ తేడా తెలీదూ?"

"నేను ఆడదాన్నేనమ్మా. రూలు ఆడది కాదు."

పంతులమ్మ సంచీ భుజాన వేసుకుని వెనక్కి తిరిగింది. సరిగ్గా అప్పుడే ఎదుటి తలుపులోంచి ఒక పెద్దమనిషి మెడలో తువ్వాలు వేసుకుని దర్జాగా లోపలికి పోతున్నాడు. నడుం మీద గాజంత తామర మచ్చ. మగవాళ్ళ వైపు స్టూలూ లేదు, చూసేవాళ్ళూ లేరు. తాళాలు గోడకు కొట్టిన మేకులకు వేలాడుతుంటాయి, ఎవరిది వాళ్ళు తీసుకుపోతారు. ఆ ముక్క ఒకసారి మేనేజరు చెవిన వేస్తే, "మగాళ్ళని చంకలెత్తమని ఎవరడుగుతారు తాళాలమ్మా, బాగుండదు" అన్నాడు. అవును కాబోలు అనుకుని ఊరుకుంది.

మధ్యాహ్నం ఆమె గచ్చు మీద నీళ్ళు లాగుతుంటే ఆ మేనేజరే వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆడవాళ్ళకు ఈత నేర్పడానికి ఒక అమ్మాయిని తీసుకుంటున్నారు. ఆదివారం పరీక్ష. డిగ్రీ అయి రెండేళ్ళుగా ఇంట్లో కూర్చున్న కూతురు ఈ ఉద్యోగం కోసం వేయికళ్ళతో చూస్తోంది.

"పిల్ల ఈతకి వంక పెట్టడానికి లేదు," అన్నాడు మేనేజరు, ముఖం కొలను వైపు తిప్పుకుని. "కాకపోతే కాస్త నీట్‌గా రమ్మను. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు చూస్తారు కదా. నున్నగా ఉంటే బాగుంటుంది."

ఏది నున్నగా ఉండాలో ఆయన చెప్పలేదు. చెప్పకుండానే ఆమె చెవులు వేడెక్కాయి. మొన్న స్నానాల గదిలో, బ్యాంకులో పనిచేసే ఆడవాళ్ళిద్దరు తన కూతుర్ని చూసి, ఈత డ్రస్సు అంచుల దగ్గర బయటికి కనిపించిన వెంట్రుకలను చూసి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వడం ఆమె కళ్ళారా చూసింది. పిల్ల చూడలేదు. చూసినా పట్టించుకునే రకం కాదు. పట్టించుకునే పని తల్లిదే అయింది.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పకముందే విషయం ఎత్తింది.

"నేను ఈదేది చేతులతోనమ్మా, చంకలతో కాదు," అంది కూతురు.

"చూసే కళ్ళుంటాయే."

"మగాళ్ళకి నేర్పే ఆ ఎలుగుబంటి కోచ్‌కి చెప్పారా నున్నగా రమ్మని? ఆయన నీళ్ళలోంచి లేస్తే వీపు మీది నీళ్ళు కారడానికే పావుగంట పడుతుంది."

"వాళ్ళ గొడవ మనకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఈ ఒక్కసారికి గీసుకో. ఉద్యోగం వచ్చాక నీ ఇష్టం. జుట్టు అల్లుకుంటావో, జడ వేసుకుంటావో."

పిల్లకు నవ్వొచ్చింది. నవ్వొస్తే సగం ఒప్పుకున్నట్టే. మిగతా సగం ఆదివారం పరీక్ష ఒప్పించింది.

స్నానాల గది కిటికీలో ఎప్పటిదో ఒక రేజరు పడి ఉంది. తాళాలమ్మ దాన్ని తీసి, తుప్పు గోకి, క్రిములుంటాయన్న భయంతో నీళ్ళలో వేసి తెగ మరిగించింది. కొత్తది కొందామని కూతురు అంటే, "కొత్తది పదును ఎక్కువ, నరం తెగుతుంది" అంది. పిల్ల తలుపు వేసుకుంటే బయట నిలబడి ఒక్క క్షణం నోరు ముయ్యలేదు.

"చర్మం గట్టిగా లాగి పట్టుకో!"

"పట్టుకున్నాను."

"కింద నుంచి పైకి గీయి. మొలకలు మిగలకూడదు!"

"మంటగా ఉందమ్మా."

"మంట ఎందుకు? సబ్బు మళ్ళీ రాసి ఇంకోసారి గీయి. గజ్జల్లో మరీ జాగ్రత్త, అక్కడ గట్టిగా గీయకపోతే తెగదు!"

ఆ తర్వాత తలుపు సందులోంచి దూది అందించింది. గాయాలకు వాడే మందునీళ్ళలో ముంచిన దూది. అందులో నీళ్ళు కలపాలని సీసా మీద రాసే ఉంది. కలిపితే పలచబడి పనిచెయ్యదని ఆమె కలపలేదు. లోపల్నుంచి ఒక కేక వినబడింది. ఆ కేకకు వంటింట్లో పళ్ళెం కింద పడింది. పడేసింది పిల్ల తండ్రి. బస్సు డ్యూటీ దిగి వచ్చి అన్నం తింటున్న ఆ మనిషి, ఏమైందని అడగబోయి, కేక వచ్చింది ఎక్కడినుంచో చూసి, మళ్ళీ కూర్చుని గోడ వైపు తిరిగాడు.

"చచ్చిన క్రిమి చచ్చింది," అంది తాళాలమ్మ తృప్తిగా. మంట చల్లారడానికి సెంటు పౌడరు ఒక గుప్పెడు అందించింది.

మర్నాడు పొద్దున్నే కూతురు బిగుతు డ్రస్సు వేసుకుని, మందు కలిపిన ఆ కొలను నీళ్ళలో ఎప్పటిలా ఈదింది. మధ్యాహ్నానికల్లా చంకలు కందిపోయాయి. సాయంత్రానికి తొడల మొదట్లో పొక్కులు గుత్తులు కట్టాయి. ఇంట్లో బాతు నడిచినట్టు నడుస్తున్న పిల్లను చూసి తాళాలమ్మ పరుగెత్తుకొచ్చింది.

"విషం ఎక్కిందేమోనే! కాలికి పాకితే కాలు తీసేస్తారటే!"

"ఎవరూ ఏం తియ్యరు. నువ్వు కాసేపు ఊరుకో."

ఊరుకుంటే ఆమె తాళాలమ్మ ఎందుకవుతుంది? పక్కింటావిడ పొక్కుల నోళ్ళు తెరుచుకోవాలంటే రుద్దాలని చెప్పింది. వెంటనే కొత్త పీచు తెచ్చి పిల్లతో రుద్దించింది. రుద్దితే నెత్తురు చిమ్మింది. చిమ్మిందని, ఎప్పుడో ఎవరికో తామరకు ఇచ్చిన గొట్టం మందు మిగిలి ఉంటే వెతికి రాయించింది. రాస్తే భగభగమంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఒక్కో వైద్యానికీ ఒక్కో పిడికెడు పొక్కులు పెరిగాయి. ఆమె నిమ్మచెక్క పట్టుకుని మళ్ళీ వచ్చేసరికి కూతురు చెక్క లాక్కుని కిటికీలోంచి విసిరేసింది.

"నా దగ్గరికి రాకు! రేజరు నీది, మందు నీది, పీచు నీది. వొళ్ళొక్కటే నాది. అది కూడా ఇచ్చేస్తాను తీసుకో. నువ్వే వెళ్ళి ఆదివారం ఈదు!"

"నీ మంచికే కదే..."

"నీ మంచి నాకొద్దు. ఎల్లుండి దాటితే పరీక్ష. ఇలా పొక్కులతో వెళితే తలుపు దగ్గర ఆపేది ఎవరు? నువ్వే!"

ఆ మాట తాళాలమ్మకు అప్పటిదాకా తట్టనేలేదు. ఉన్నచోటనే కూలబడింది. వెంట్రుకలుంటే నీట్‌గా లేదంటారు. తీస్తే పొక్కులంటారు. పొక్కులుంటే తాళం ఇవ్వరు. ఇవ్వనిది తానే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ గోతిలో స్టూలు వేసుకుని కూర్చున్నది కూడా తానే.

శుక్రవారం పొద్దున పెరట్లో కుళాయి దగ్గర భర్త అద్దం మేకుకు తగిలించాడు. బస్సు నడిపేవాళ్ళు రోజూ గడ్డం గీసుకోవాలని వాళ్ళ కంపెనీ నియమం. ఎప్పుడూ చడీచప్పుడూ లేకుండా గీసుకుపోయే మనిషి, ఆ రోజు ఊరంతా వినపడేలా కేకేశాడు.

"ఏమే! వేణ్ణీళ్ళు పట్రా. ఇవాళ నా గడ్డం సంగతేమిటో తేల్చేస్తాను!"

వెనక గుమ్మం మెట్టు మీద కూతురు టీ గ్లాసు పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టుకుని కూర్చుని ఉంది. తండ్రి ఆ వైపు కన్నెత్తి చూడలేదు. అద్దంలో తన మెడతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఇదిగో గడ్డమా, నేను ఇంకెవరికీ చెప్పడం లేదు, నీకే చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నిన్ను ఎదురు గీసి గీసి, మెడంతా బొబ్బలెక్కించుకున్న మొనగాణ్ణి నేను. స్టీరింగ్ తిప్పితే కాలరు రాసుకుని ప్రాణం పోయేది. జ్ఞాపకం ఉందా?"

గడ్డం ఏమీ అనలేదు. కూతురు టీ తాగడం ఆపింది.

"పొడుగ్గా ఉంటే ముందు కత్తెరతో కురచ చెయ్యాలి. ఆ పైన వేణ్ణీళ్ళతో నానబెట్టాలి. నానని వెంట్రుక ముల్లులాంటిది." తడిగుడ్డ మెడకు చుట్టుకుని కాసేపు కళ్ళు మూసుకు కూర్చున్నాడు. తర్వాత నురగ పట్టించి, కాగితం విప్పి కొత్త బ్లేడు తీశాడు. "పదును లేని బ్లేడు కొయ్యదు, పీకుతుంది. చర్మం లాగి పట్టుకోకూడదు. లాగి గీస్తే తెగిన కొస లోపలికి పోయి, అక్కడే వంకర తిరిగి పెరుగుతుంది. అదే పొక్కు." బ్లేడును వేళ్ళతో అంటీ అంటనట్టు పట్టుకుని, వెంట్రుక వాలిన వైపే కిందికి జార్చాడు. ఒక గీత గీసి నీళ్ళలో కడిగాడు. ఇంకో గీత గీసి మళ్ళీ కడిగాడు. "ఎటు పెరిగితే అటే. గీసినచోట మళ్ళీ గీయకూడదు. కాస్త గరుకుంటే ఉంటుంది, నువ్వేమన్నా గాజు గ్లాసువా?"

గుమ్మంలో నిలబడ్డ తాళాలమ్మ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. తాను చెప్పినవన్నీ ఒక్కొక్కటే తిరగబడి వస్తున్నాయి.

"అయ్యాక చన్నీళ్ళు పోసి, మెత్తగా అద్దాలి. సెంటు కొట్టకూడదు. బిగుతు బట్ట వెయ్యకూడదు."

"నాన్నా," అంది కూతురు, తానూ ఆయన వైపు చూడకుండానే, "మీ గడ్డానికి ఇప్పటికే పొక్కులొచ్చాయనుకో. పైగా ఆదివారం ఈత పరీక్ష కూడా ఉందనుకో. అప్పుడేం చెయ్యాలట?"

ఆయన బ్లేడు నీళ్ళలో కడిగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అప్పుడు బ్లేడు ముట్టుకోకూడదు. రుద్దకూడదు, గిల్లకూడదు. మందునీళ్ళలో ఈదకూడదు. చన్నీళ్ళ గుడ్డ వేసుకుని, వదులు బట్ట కట్టుకుని, దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. వెంట్రుక పెరిగితే పెరగనీ. మెడ బతికితే చాలు."

"చీము పడితే?" తాళాలమ్మ ఉండబట్టలేకపోయింది. "జ్వరం వస్తే?"

"వస్తే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి," అన్నాడాయన అద్దంలోంచే ఆమెను చూస్తూ. "నీ దగ్గరికి కాదు."

కూతురు నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకుంది.

తండ్రి పాత పైజామా వేసుకుని పిల్ల రెండు రోజులు ఇంట్లోనే ఉంది. నీళ్ళలోకి దిగకపోతే చేతులు బిగుసుకుపోతాయని దిగులు ఒక పక్క, దిగితే పొక్కులు రేగుతాయని దిగులు ఇంకో పక్క. తాళాలమ్మకు మాత్రం ఏమీ చేయకుండా ఉండటమంత కష్టమైన పని పుట్టాక తగల్లేదు. తలుపు దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. చేతులు ఊరుకోక, ఉతికిన కర్టెన్లే మళ్ళీ ఉతికింది.

ఆదివారం మేనేజరు స్టూలు దగ్గరికే వచ్చాడు.

"పరీక్షకి వచ్చినవాళ్ళని కూడా చూడాలి తాళాలమ్మా. నీ పిల్లయినా సరే, పొక్కు కనిపిస్తే తాళం ఇవ్వొద్దు. రేపు ఎవరూ నన్ను వేలెత్తి చూపకూడదు."

"అలాగే సార్."

వచ్చింది ఇద్దరే. ముందు కూతురు నిలబడింది. ఇంట్లో అమ్మ అని పిలిచినట్టు పిలవలేదు, ఏమీ అడగలేదు. అందరిలాగే చేతులెత్తింది. తాళాలమ్మ లేచి దగ్గరికి వెళ్ళి చూసింది. ఎర్రదనం పోయింది. పొక్కులు ఎండి గోధుమరంగు చుక్కలయ్యాయి. వాటి మధ్య వెంట్రుకలు మొలకెత్తుతున్నాయి. తొడల దగ్గరా అంతే. నున్నగా మాత్రం లేదు. ఆమె తాళం తీసి ఇచ్చింది. పిల్ల లోపలికి వెళ్ళింది.

రెండో అమ్మాయి బాగా పొడుగు. చేతులు సగం ఎత్తి, మళ్ళీ దించేసింది.

"ఎత్తమ్మా."

ఎత్తింది. రెండు చంకలూ పచ్చిపుండులా ఉన్నాయి. అప్పుడే పొంగిన పొక్కులు, ఒకటి రెండు చోట్ల నెత్తురు చెమ్మ. తాళాలమ్మ నోట మాట రాకముందే ఆ అమ్మాయి సంచీ తీసుకుంది.

"నాకు తెలుసండీ. వెళ్ళిపోతాను. ఇంతకుముందు పోయిన చోట కూడా తలుపు దగ్గరే పంపించేశారు."

"ఎప్పుడు గీసుకున్నావు?"

"పొద్దున్నే. నీట్‌గా రావాలని ఫోన్లో చెప్పారు కదండీ."

"ఎదురు గీశావా?"

"రెండుసార్లు," అంది ఆ అమ్మాయి, తప్పు చేసి దొరికిపోయినట్టు.

తాళాలమ్మ చెయ్యి బుట్టలో ఉంది. వేళ్ళకు రబ్బరు కడియాలు తగులుతున్నాయి. ఈ పిల్ల ఇటునుంచి ఇటే వెళ్ళిపోతే కొలనులో మిగిలేది తన కూతురు ఒక్కతే. పోటీ లేదు, పరీక్ష పేరుకే. రేపటినుంచి ఉద్యోగం. రూలు తన పక్షాన ఉంది. మేనేజరు మాట తన పక్షాన ఉంది. కాదనేవాడు లేడు. బుధవారం పంతులమ్మను పంపినప్పుడు వెనకాడలేదు కదా, ఇప్పుడెందుకు వెనకాడాలి? ఎదుటి తలుపులోంచి ఎవరో ఈల వేసుకుంటూ లోపలికి పోయారు. వాళ్ళ ఒంటి మీద ఏముందో ఎవరూ చూడలేదు.

"ఎక్కడికి పోతావు?" అంది తాళాలమ్మ. "ఇదిగో తాళం. ఇవి రోగాలేం కావు, బ్లేడు దెబ్బలు. ఈదిన వెంటనే మంచినీళ్ళు పోసుకో. పౌడరు వెయ్యకు. దేనితోనూ రుద్దకు."

ఆ అమ్మాయి తాళాన్ని, ఆమెను మార్చి మార్చి చూసి, గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

తలుపు సందులోంచి ఆమె చూసింది. కూతురు ఈదుతుంటే ఎప్పుడూ చూడలేదామె. మునిగిన తల మళ్ళీ పైకి వచ్చేలోపు తన ఊపిరి ఆగిపోతుందని ముఖం తిప్పుకునేది. ఇవాళ తిప్పుకోలేదు. ఇద్దరూ ఒక్కసారే దూకారు. వెళ్ళేటప్పుడు కూతురే ముందు. అవతలి గోడను తన్ని తిరిగేటప్పుడూ ముందే. సగం దూరం వచ్చాక చేతులు బరువెక్కాయి. రెండు రోజులు నీళ్ళు తగలని చేతులు. పక్కన ఆ పొడుగు పిల్ల నీళ్ళను కోసుకుంటూ వచ్చి, ఒక చేతి దూరం ముందుగా గోడ అందుకుంది. మునిగినవాళ్ళను కాపాడినట్టు బరువు బొమ్మను లాక్కొచ్చే పరీక్షలో ఇద్దరూ సమానమే. మేనేజరు ఎలుగుబంటి కోచ్‌తో ఏదో మాట్లాడి, పొడుగమ్మాయి వైపు తల ఊపాడు.

తాళాలమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. చెయ్యని వైద్యాలు లేవు, పడని భయాలు లేవు. ఏ భయమూ పడని చోటునుంచి వచ్చి తగిలింది దెబ్బ. పీచుతో రుద్దించి రెండు రోజులు తినేసింది తానే. తాళం ఇచ్చిందీ తానే. ఎటు తిప్పి చూసినా తన చెయ్యే కనిపిస్తోంది. కొరివితో తల గోక్కున్నట్టయింది.

డ్యూటీ దిగాక తల్లీకూతుళ్ళు ఇంటిదారి పట్టారు. కూతురు ముందు, తాళాలమ్మ నాలుగడుగులు వెనక. వీధి మలుపు తిరిగారు.

"ఆ అమ్మాయి చంకలు చూశాను," అంది కూతురు, ఆగకుండానే. "నువ్వు చూడకుండా పంపావా?"

"చూసే పంపాను."

"నాకు అడ్డం లేకుండా ఉండేది."

"తెలుసు."

కూతురు దారిలో ఉన్న రాయిని కాలితో తన్నింది. రాయి వెళ్ళి కాలవలో పడింది.

"కోపంగా ఉందా?" అంది తాళాలమ్మ.

"బోలెడంత."

"నా మీదేనా?"

"నీ మీదా ఉంది. మేనేజరు మీదా ఉంది. ఆ పిల్ల మీద మాత్రం తెచ్చుకుందామన్నా రావడం లేదు. బట్టలు మార్చుకునేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు. వచ్చే నెల ఇంకో కొలనులో పరీక్ష ఉందట, వెళ్ళమని చెప్పింది." ఇంకో రాయి కోసం వెతికి, దొరక్క ఊరుకుంది. "ఈసారి నన్నెవరూ నున్నగా చెయ్యక్కర్లేదు. ఇంటికెళ్ళి ఇంత అన్నం పెట్టు. పెట్టి, పక్కకు జరుగు."

"జరుగుతాను."

పిల్ల మళ్ళీ ముందుకు సాగింది. ఈత డ్రస్సు రాసుకున్నచోట మళ్ళీ రేగిందేమో, నెత్తురు వచ్చిందేమో, చెప్పకుండా ఓర్చుకుంటోందేమో. తాళాలమ్మ కళ్ళు పిల్ల నడక మీదే ఉన్నాయి. మంటగా ఉందా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెదవులు గట్టిగా బిగించి దాన్ని మింగేసింది. మింగి, కొంగుతో నోరు కూడా మూసుకుంది.

ముందు నడుస్తున్న కూతురు వెనక్కి తిరగలేదు.

"లేదులే అమ్మా," అంది, "తగ్గింది."